అడుగు నొక్కిన డబ్బా

తౌనో ఇల్వెస్ గారి కాగితాలు
నలభై ఒక్క పెట్టెల్లో హెల్సింకీకి వచ్చాయి, మార్చిలో,
లారీ డ్రైవర్ బూట్ల మంచు మా గది గచ్చు మీద కరుగుతుండగా.
జాబితా రాయడం నా ఉద్యోగం.
మనిషిది కాదు, ఆయన వదిలిన పద్దులది.

మొదటి పెట్టెలో నీటిమరకల నోటుబుక్కు.
కెమి నది సముద్రంలో కలిసేచోట
తండ్రి దుంగలు లెక్కపెట్టేవాడు.
పైనుంచి కొట్టుకొచ్చే పైన్ మొదళ్ళ మీద
ఏ కంపెనీది ఏ గొడ్డలి గుర్తో చూసి
కొన్నిటిని ఈ పాయలోకి, కొన్నిటిని ఆ పాయలోకి తోసే పని.
పన్నెండేళ్ళ కొడుకు ఒడ్డున కూర్చుని గీతలు గీశాడు,
నాలుగు నిలువు, ఐదోది అడ్డం.
ఒక్కచోట మాత్రం మాటలు:
"గుర్తు లేని దుంగ. ఎవరిది?"
నాన్న ఏం చెప్పాడో రాయలేదు.

ఆ తర్వాత పెట్టెలు బరువెక్కాయి.
లండన్‌లో నల్లగొడుగుల బ్యాంకు,
బాసెల్‌లో రెండు శీతాకాలాలు,
వాషింగ్టన్‌లో పదకొండో అంతస్తు.
చిరిగిన టికెట్లు, విందుల మెనూలు, ఒక పెళ్ళి ఫొటో,
రసీదంత పొట్టి ఉత్తరం:
"ఇంటికొచ్చినా నువ్వింకా దిగని విమానంలాగే ఉంటావు. ఎల్వీ."
దేశాలు పేర్లు రాలిపోయి ఫైలు నంబర్లయ్యాయి.
అప్పు, అప్పు మీద వడ్డీ,
వడ్డీ కట్టడానికి మళ్ళీ అప్పు.
చేతిరాత మాత్రం మారలేదు:
ఏడు నడుము మీద అడ్డగీత,
దశాంశం దగ్గర ఒక్క క్షణం ఆగి ఊరిన సిరా.

ఇరవై ఏడో పెట్టెలో లుసాకా.
మంత్రిగారి గదిలో ఫ్యాను తిరగలేదట.
మొక్కజొన్న పిండి మీద రాయితీ ఎత్తేయమని చెప్పి
బయటికొచ్చి సంతలో నడిచాడట.
నాముకోలో అనే ఆమె
ఎండు కపెంటా చేపల్ని డబ్బాతో కొలిచి అమ్ముతోంది.
నిరుడెంతో ధర ఇప్పుడూ అంతే.
మా లెక్కలు తప్పా, అని అడిగాడు.
ఆమె డబ్బా తిరగేసి చూపించింది.
సుత్తితో కొట్టి, అడుగు లోపలికి, బొడ్డులా.
"ధర పెంచితే నన్ను తిడతారు.
ఇలా అయితే ఇంటికెళ్ళి ఆకలిని తిట్టుకుంటారు."

కొత్త డబ్బా కొనిచ్చి దాన్ని తెచ్చుకున్నాడు.
ఆ రాత్రే నివేదికలో, పేజీ అడుగున,
పధ్నాలుగో వివరణగా, ఆమె పేరుతో సహా రాశాడు:
"పెరుగుదల మన పట్టికలో సున్నా. డబ్బాలో మూడోవంతు పూడింది."
టైపు ప్రతిలో ఉంది.
అచ్చు ప్రతిలో పదమూడు తర్వాత పదిహేను.

ఎవరు కొట్టేశారా అని మూడు రోజులు వెతికాను.
ఆకుపచ్చ సిరా, స్కేలు పెట్టి గీసిన గీత,
అంచున పొడి అక్షరాలు: తౌ. ఇ.

మరుసటి నెల డైరెక్టర్‌గా నియామకపు కాగితం.
రెండిటికీ ముడి వేయకూడదు నేను,
జాబితా రాసేవాళ్ళకు ఊహించే హక్కు లేదు.
కానీ ఒకటి చెప్పగలను:
మిగతా అంకెల వరస సరిచేయడం
మరిచిపోయే మనిషి కాదాయన.

ఆఖరి పెట్టెలో, పతకాల కింద,
ఒంటరి ఉన్ని మేజోడులో దూర్చి, ఆ డబ్బా.
మా ఫారంలో దానికి గడి లేదు.
ఉత్తరాలు, నివేదికలు, ఛాయాచిత్రాలు, ఇతరములు.

సాయంత్రం అందరూ వెళ్ళాక
కుళాయి కింద నింపి కొలపాత్రలోకి ఒంపాను.
పట్టింది ఎంతో రాసుకున్నాను.
పట్టనిది తీసివేతలో తేలింది,
పిల్లవాడి దోసిలంత.

తుప్పు పడుతుందని నా మఫ్లర్‌తో తుడిచాను.
ఇప్పటికీ కాస్త చేపల వాసన.
ఇతరములు దగ్గర పెన్ను కదల్లేదు.
పక్క గడిలో, యజమాని ఎవరన్న చోట,
నాముకోలో, లుసాకా, అని రాసి
దీపం ఆర్పాను.